తోడు లేనిదే పరీక్ష లేదు

ఇది మీ పనే. మరుగుదొడ్డి నేల మీద కట్టి, మనిషిని ఆకాశంలో కూర్చోబెట్టి, పొద్దుగూకేదాకా దిగొద్దన్న కంపెనీవారూ, మీ పనే. కడుపు మీద చెయ్యి వెయ్యకుండా, కుర్చీలోంచి లేవకుండా గ్యాస్ అని తేల్చేసిన సైటు డాక్టరుగారూ, మీ పనే. తోడు లేనిదే పరీక్ష లేదని గోడకి బోర్డు కొట్టించి, తోడు లేనివాళ్ళు ఏ గంగలో దూకాలో దాని కింద రాయడం మరిచిపోయిన ఆసుపత్రి పెద్దలూ, మీ పని కూడా. చేతులు దులుపుకోకండి. ఆమె కడుపులో పుట్టినదాన్ని మీరు పుట్టించలేదు, నిజమే. పెంచి పెద్దచేసింది మాత్రం మీరే.

సైట్లో ఆమెని అందరూ పైనక్క అంటారు. టవర్ క్రేను నడుపుతుంది. తెల్లారుతూనే ఇనుప నిచ్చెన ఎక్కుతుంది, చీకటి పడే వేళకి దిగుతుంది. పైన అద్దాల గది. గది అనడం మర్యాద కోసం, నిజానికి అది కుర్చీకి తొడిగిన పెట్టె. కాళ్ళ కింద కూడా అద్దమే. దానిలోంచి చూస్తే మనుషులు కనిపించరు, హెల్మెట్లు కనిపిస్తాయి. పసుపువి కూలీలవి, తెల్లవి ఇంజినీర్లవి. మొహాలు ఆమెకి తెలియవు. ఆమె ఎక్కేసరికి వాళ్ళు రారు, దిగేసరికి వాళ్ళు ఉండరు.

ఆమెకి తెలిసిన మనిషి గొంతు ఒక్కటే, సిగ్నల్ ఇచ్చేవాడిది. రేడియోలో పొద్దస్తమానం అతనే మాట్లాడతాడు. "ఎత్తక్కా. ఇంకొంచెం. కుడికి. ఆపు. దించు." ఏళ్ళ తరబడి ఆమెతో ఎక్కువగా మాట్లాడిన మనిషి ఎవరంటే అతనే. మాట్లాడిన మాటలు ఏవంటే అవే. ఆదివారం వస్తే ఆ మాటలు కూడా ఉండవు. గదిలో కూర్చుని గోడ గడియారం చప్పుడు వింటుంది. పెళ్ళయింది, పోయింది. ఆయన ఇంకొకామెతో కాపురం పెట్టి సుఖంగానే ఉన్నాడు. ఒక చెల్లెలుంది, వేరే ఊళ్ళో. ఒంటికాయ శొంఠికొమ్ము అని పక్కగది పిన్ని ముద్దుగానే అంటుంది గానీ, ముద్దయితే మాత్రం గుచ్చుకోదా?

క్రేను వాళ్ళలో ఒక అలవాటు ఉంది. దాన్ని తాళం వెయ్యడం అంటారు. దిగి, వెళ్ళి, మళ్ళీ ఎక్కాలంటే పని ఆగిపోతుంది. కింద కాంక్రీటు గడ్డకడుతుంది, సూపర్‌వైజరు నోరు విప్పుతాడు. మగవాళ్ళు ఒంటికి సీసాతో కానిచ్చేస్తారు. రెంటికి వాళ్ళకీ దారి లేదు, ఆమెకి దేనికీ లేదు. అందుకని పొద్దున్నే విరేచనాలు కట్టే మాత్ర ఒకటి మింగుతారు. అది తాళం. మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టరు. శనివారం సాయంత్రం విరేచనం అయ్యే మాత్ర వేసుకుంటారు. అది తాళం తియ్యడం. పని నేర్పిన పెద్దాయనే ఆమెకి ఇదీ నేర్పాడు, నడుముకి బెల్టు ఎలా బిగించాలో నేర్పినట్టే. బెల్టుని ఎవరైనా మందు అంటారా? దీన్నీ అనలేదు.

కాబట్టి కడుపు తేడా చేసినప్పుడు ఆమెకి తేడా తెలియలేదు. వారమంతా కాకపోతే తాళం గట్టిగా పడిందనుకుంది. ఉన్నట్టుండి తోసుకొస్తే తాళం సరిగ్గా పడలేదనుకుంది. వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంటే, పాత తాళం కదా, తుప్పు పట్టుంటుందిలే అని తనలో తానే నవ్వుకుంది. ఈ లోకంలో ఇంకెవరైనా అయితే, నా ఒంటి పద్ధతి మారింది ఎందుకబ్బా అని అడిగేవాళ్ళు. ఆ పద్ధతిని రోజూ తన చేత్తోనే చెడగొట్టుకునే మనిషి ఏమని అడుగుతుంది?

రక్తం కనపడింది. సైటు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయనది గేటు పక్కన రేకుల గది. టేబుల్ మీద ఫోను, ఫోను మీద ఆయన కళ్ళు.

"ఏంటి?"

"కడుపులో బాగుండటం లేదండీ. దొడ్డికెళ్తే రక్తం..."

"కూచునే పనా?"

"క్రేనండీ."

"మొలలు. కడుపులోది గ్యాస్. కారం తగ్గించు."

అంతే. ఆ గదిలో బల్ల ఒకటుంది, పేషెంటు పడుకోవడానికి. దాని మీద సిమెంటు కంపెనీ క్యాలెండర్ల కట్టలు పెట్టారు. పడుకోబెడితే కదా తియ్యడానికి! మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ గ్యాసే. మూడోసారి ఆమె గుమ్మంలో కనపడగానే ఆయన చెయ్యి మందు పెట్టెలోకి దానంతటదే వెళ్ళింది. గులాబీ రంగు మందు సీసాలు ఆమె కిటికీ దగ్గర వరసగా నిలబడ్డాయి. ఖాళీవి కూడా ఆమె పారెయ్యలేదు. గదిలో ఏదో ఒకటి వరసగా నిలబడి ఉంటే బాగుంటుంది.

తరవాత నిచ్చెన బరువైంది. నిచ్చెన మధ్యమధ్య నిలబడేందుకు ఇనుప అరుగులుంటాయి. ఎప్పుడూ ఆగని మనిషి ఇప్పుడు ప్రతి అరుగు మీదా ఆగుతోంది. బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకుంది. ఒకరోజు సగం దూరంలో కళ్ళు చీకట్లు కమ్మాయి. కడ్డీని కౌగిలించుకుని అరుగు మీద కూలబడింది. నడుం దగ్గర రేడియో పలికింది.

"అక్కా, ఏంటింకా ఎక్కలేదు? పైన కూడా ట్రాఫిక్కా?"

ఆమె రేడియో అందుకోబోయి, మళ్ళీ కడ్డీనే పట్టుకుంది.

"అక్కా?"

"కూచున్నా తమ్ముడూ."

"ఎక్కడ?"

"మధ్యలో. నిన్న ఇక్కడ లేదే అనిపించింది ఈ అరుగు, పలకరిద్దామని."

అతను నవ్వలేదు. "దిగక్కా. దిగి పెద్దాసుపత్రికెళ్ళు. ఆ గ్యాసు డాక్టరు దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి. సూపర్‌వైజరుతో నేను చెప్తా." రేడియోలో అతను అంత పొడుగు మాట మాట్లాడటం ఆమె వినడం అదే మొదటిసారి.

పెద్దాసుపత్రిలో వరస పొడుగ్గా ఉంది. ప్రతి రోగి పక్కనా ఒకరున్నారు. ఒకరు సంచీ పట్టుకున్నారు, ఒకరు వరసలో చోటు కాస్తున్నారు. ఆమె మంచినీళ్ళకి వెళ్ళొచ్చేసరికి ఆమె చోటు పోయింది. మళ్ళీ వెనకనించి. అలా డాక్టరమ్మ ముందుకి చేరింది. జుట్టు ముడి ఊడిపోతున్నా సర్దుకోవడానికి తీరిక లేని మనిషి.

"ఎన్నాళ్ళనించి?"

"ఏంటి డాక్టరమ్మా?"

"రక్తం."

"అది మొలలండీ. కూచునే పని కదా."

"రక్తం ఎన్నాళ్ళనించని అడిగాను. మొలలని తీర్పు కూడా నువ్వే చెప్పేస్తే, నేనిక్కడ ఎందుకూ?"

పడుకోబెట్టింది. కింది కనురెప్ప లాగి చూసి పెదవి విరిచింది. కడుపంతా అరచేత్తో మెల్లగా నొక్కుకుంటూ వచ్చి, ఎడమవైపు కింద ఆగింది. తొడుగు వేసుకుని వేలు పెట్టి చూసింది. ఆమె సిగ్గుతో గోడవైపు తిరిగింది. కానీ ఇంకొక సంగతి కూడా ఆమెకి ఆ గోడవైపు తిరిగినప్పుడే తట్టింది. ఒక మనిషి చెయ్యి తన ఒంటి మీద పడి ఎంతకాలమైందో గుర్తులేదు. కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదండీ."

"మందులేమైనా వాడుతున్నావా?"

"ఏమీ లేవండీ."

చెయ్యి కడుక్కుని వచ్చాక డాక్టరమ్మ తిరగేసి అడిగింది. పైన పొద్దంతా కూచుంటావు కదా, మరి వస్తే ఏం చేస్తావు? అప్పుడు బయటపడింది తాళం సంగతి, సైటు డాక్టరు చెప్పిన గ్యాసు సంగతీ. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"అన్నేళ్ళుగానా? రోజూనా? మరి అది మందు కాదా?"

"పనిలో భాగమండీ అది. అందరం వేసుకుంటాం."

"విను. మొలలున్నాయి, చిన్నవి. మొలల రక్తం సాధారణంగా ఎర్రగా పైపైన పడుతుంది. నువ్వు చెప్పేది ముదురుగా, లోపలే కలిసిపోయి వస్తోంది. ఒంట్లో రక్తం తగ్గింది, బరువు తగ్గింది, వెళ్ళే తీరు మారింది. మొలలున్న మనిషికి ఇంకో జబ్బు రాకూడదని ఎక్కడా రాసిలేదు. ఇవన్నీ ఎప్పుడో ఎవరో ఒకరు అడగాల్సిన మాటలు. ఈ తాళాల గోలలో నీకూ తెలియలేదు, తెలుసుకోవాల్సినవాడు అడగలేదు."

"క్యాన్సరా అండీ?"

"తెలీదు. పుండు కావచ్చు, వాపు కావచ్చు, చిన్న కండ పెరిగుండొచ్చు, అదీ కావచ్చు. తెలీదు కాబట్టే కెమెరా గొట్టం పెట్టి చూద్దామంటున్నా. చూడకుండా చెప్పేవాళ్ళు నీకు ముందే దొరికారుగా? ఆ తాళం ఇవాళ్టితో బంద్."

రక్తపరీక్ష రాసింది, రక్తం పట్టే మాత్రలిచ్చింది, కెమెరా పరీక్షకి రోజు వేసింది.

ఆ రోజు పొద్దున పేగులు కడిగే మందు నీళ్ళలో కలుపుకుని తాగాలి. తాగింది. ఆమె ఉండే వరసలో గదులన్నిటికీ మరుగుదొడ్డి ఒకటే. ఆమె లోపలికి వెళ్ళడం, బయటికి వచ్చి గుమ్మం చేరకుండానే మళ్ళీ వెనక్కి పరిగెత్తడం. తలుపు దబదబ బాదారు.

"ఏమ్మోయ్, లోపల కాపురం పెట్టావా ఏంటి? మేం డ్యూటీలకి పోవద్దా?" పక్కగది పిన్ని గొంతు.

"పరీక్షుంది పిన్నీ! మందు తాగాను!"

"పరీక్ష నీకా, మాకా?"

వరసంతా నవ్వారు. లోపల ఆమె కూడా నవ్వింది, మోకాళ్ళ మీద తల పెట్టుకుని.

ఒళ్ళు తేలిపోతుండగా ఆసుపత్రికి చేరింది. సిస్టరు గౌను ఇచ్చింది, సూది గుచ్చే నరం వెతికింది. అంతా అయ్యాక అడిగింది.

"తోడెవరొచ్చారు?"

"నేనే వచ్చానండీ."

"నువ్వు పేషెంటువి. నీకు తోడెవరని."

"ఎవరూ లేరు."

"మత్తు ఇస్తాం కదమ్మా. తోడు లేకపోతే ఎవరు తీసికెళ్తారు? దార్లో పడిపోతే? బోర్డు చూళ్ళేదా?"

"మత్తు వద్దండీ. అలాగే చేసెయ్యండి. ఓర్చుకుంటా."

"రూలు రూలే. తోడు సంతకం కావాలి."

"పోనీ, మత్తు దిగేదాకా ఈ వరండాలో పడుంటానండీ. రేపొద్దున పోతా."

సిస్టరు చెడ్డమనిషి కాదు. వెళ్ళి ఎవరినో అడిగింది, తల అడ్డంగా ఊపుతూ తిరిగొచ్చింది. వరండాలో పడుండటానికి మంచాలు లేవట. మంచం ఒక్కటీ, దాని పక్కన ఒక మనిషీ లేక, కడిగి శుభ్రం చేసిన పేగులు కడిగినట్టే ఇంటికి పోయాయి. ఇంకో తేదీ వేసిచ్చారు. తోడుని తెచ్చుకోమన్నారు, కొట్లో దొరికే వస్తువైనట్టు.

చెల్లెలికి ఫోను చేసింది.

"అయ్యో అక్కా! పిల్లల పరీక్షలే. మీ మరిదిగారు క్యాంపుకెళ్ళారు. ఒక నెల జరుపుకోలేవా?"

"జరుపుకుంటాలే."

"గ్యాసేమో అక్కా. నాకూ ఉంది గ్యాసు."

పిన్నిని అడిగింది. పిన్ని నిజంగానే నొచ్చుకుంది. "వస్తే నా పనిలో ఇంకోదాన్ని పెట్టేస్తారే. వాకిట్లో కాచుక్కూచున్నారు నా చోటుకి." కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఎవరిదైనా అంతే.

మళ్ళీ క్రేనెక్కింది. తాళం వెయ్యడం లేదు కాబట్టి పైన నరకం. తేదీ దగ్గరికొస్తోంది. ఒక మధ్యాహ్నం ఇనుప చువ్వల కట్ట గాల్లో ఉండగా కడుపులో మెలిపెట్టింది. మింగలేని, కక్కలేని నొప్పి. కింద పసుపు హెల్మెట్లు తిరుగుతున్నాయి, ఆ కట్ట వాటి నెత్తిమీద. పళ్ళు బిగబట్టి దాన్ని దించింది. కొక్కెం విప్పారని సిగ్నలతను చెప్పాక, రేడియో బొత్తాం వదలకుండా పట్టుకుంది. అది అందరూ వినే ఛానెల్. లోడు మాట తప్ప వేరే మాట మాట్లాడకూడదని రూలు.

"సోమవారం నాకు పేగు పరీక్ష. తోడు లేకపోతే చెయ్యరట. నాకెవరూ లేరు. కింద ఉన్నవాళ్ళలో ఎవరైనా ఒక పూట వస్తారా?"

సైటంతా వింది. ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఒట్టి గరగర. ఆమెకి కాళ్ళ కింది అద్దంలో హెల్మెట్లు ఆగిపోవడం కనిపించింది. ఒక తెల్ల హెల్మెట్ అటూ ఇటూ తిరిగింది. సూపర్‌వైజరు గొంతు: "పైనక్కా, ఛానెల్ ఖాళీ చెయ్యి!"

ఖాళీ చేసింది. అంత ఎత్తులో, అద్దాల పెట్టెలో, తనని తాను ఇంత విప్పి చూపించుకున్నాక కూడా ఎవరూ పలకలేదు. అప్పుడు ఆమెకి జబ్బు కంటే ఎక్కువ భయం వేసింది. చచ్చిపోతే ఫర్వాలేదు. ఇక్కడే ఉండి, ఉన్నట్టు ఎవరికీ తెలియకపోతే?

చీకటిపడ్డాక దిగితే నిచ్చెన మొదట్లో ఒకతను నిలబడున్నాడు. బక్కపల్చని మనిషి, మీసాల్లో తెల్లదనం. ఆమె గుర్తుపట్టలేదు.

"నేనేనక్కా," అన్నాడు. గొంతు వినగానే తెలిసింది.

"తమ్ముడూ అని పిలుస్తున్నా ఇన్నాళ్ళూ! నువ్వు నాకంటే పెద్దాడివిలా ఉన్నావే?"

"అలవాటైపోయింది, ఇప్పుడు మార్చకు. సోమవారం ఎన్నింటికి?"

"నువ్వు రాకపోతే క్రేను ఆగుతుంది. సూపర్‌వైజరు ఊరుకోడు."

"నువ్వు ఆగిపోతే ఎలా ఊరుకుంటున్నాడో, దీనికీ అలాగే ఊరుకుంటాడు."

సోమవారం వచ్చాడు. సిస్టరు అడిగింది, ఈమెకి నువ్వేమవుతావని. అతను బుర్ర గోక్కున్నాడు. "సిగ్నల్ ఇస్తానండీ." సిస్టరు కాగితం మీద తమ్ముడని రాసుకుంది.

పరీక్షయింది. మత్తు దిగుతున్నప్పుడు కళ్ళు తెరవకముందే ఆమెకి పక్కన గొంతు వినపడింది. "మెల్లగా అక్కా. ఇంకొంచెం. ఆఁ, ఆపు. కూచో." అతని చెయ్యి పట్టుకుని బస్సెక్కి గదికొచ్చింది. అతను గుమ్మంలోనే ఆగి, కిటికీ దగ్గరి సీసాల వరస చూసి వెళ్ళిపోయాడు.

రిపోర్టు రోజు ఒంటరిగా వెళ్ళింది. ఈసారి తోడెవరని ఎవరూ అడగలేదు. గొట్టం పెట్టడానికి తోడు కావాలి గానీ, ఈ మాట వినడానికి అక్కర్లేదట. పెద్దపేగు ఎడమవైపు కంతి ఉందని, అది సందుని దాదాపు మూసేసిందని, తీసిన ముక్కలో క్యాన్సరు తేలిందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మధ్యలో తీయించిన స్కానులో అది పేగు దాటి పోయినట్టు లేదు. కోసి తియ్యొచ్చు. బతికే అవకాశమే ఎక్కువ.

"ముందే వచ్చుంటే?" అంది పైనక్క.

డాక్టరమ్మ ఊడిపోయిన ముడి అప్పుడు సర్దుకుంది. "మొదటిసారి రక్తం చూసినప్పుడే చూసుంటే, బహుశా గొట్టంలోంచే తీసేసేవాళ్ళమేమో. కోత లేకుండా." తలొంచుకుని అంది. "ఆపరేషన్‌కి తోడు కావాలమ్మా."

ఆమె అక్కణ్ణించి గదికి వెళ్ళలేదు. సైటుకి వెళ్ళింది. పైన కొత్త కుర్రాడెవరో క్రేను నడుపుతున్నాడు. నేల మీద నిలబడి చూస్తే పసుపు హెల్మెట్ల కింద మొహాలున్నాయి. సిగ్నలతని చేతిలోంచి రేడియో తీసుకుంది. అతను ఇచ్చేశాడు.

"నేను పైనక్కని, కిందనించి మాట్లాడుతున్నా. నాకు పేగులో క్యాన్సరొచ్చింది. గ్యాసని మింగా, మొలలని ఊరుకున్నా, తాళాలేసుకున్నా. దొడ్డికెళ్తే రక్తం పడేవాళ్ళు, ఊరకే చిక్కిపోతున్నవాళ్ళు, ఎవరికీ చెప్పుకోనివాళ్ళు చెయ్యెత్తండి. సిగ్గుపడకండి. నా సిగ్గు ఎంత లావుందో స్కానులో చూసొచ్చా."

ముందు ఒక చెయ్యి లేచింది, చువ్వలు కట్టే ముసలాయనది. తరవాత గోడ వెనకనించి ఒక ఆడమనిషి చెయ్యి. తరవాత ఇంకా. రేకుల గది గుమ్మంలో సైటు డాక్టరు ఫోను చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. సూపర్‌వైజరు రేడియో లాక్కోవడానికి వస్తుంటే సిగ్నలతను అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు రేడియో గరగరలాడింది. పైనించి, లేత గొంతు.

"అక్కా, నేనూ ఎత్తాను. మీకు కనపడదు."

విన్నారా? కంపెనీవారూ, ఆ కుర్రాణ్ణి ఇప్పుడే దించండి. రేపు కాదు, లోడు అయ్యాక కాదు. క్రేను మీద మనిషికి దిగే వేళ ఇవ్వండి, అతను దిగినప్పుడు ఎక్కడానికి ఇంకో మనిషిని పెట్టండి. డాక్టరుగారూ, ఆ బల్ల మీది క్యాలెండర్లు తీసెయ్యండి, చెయ్యెత్తినవాళ్ళని ఒక్కొక్కరినీ పడుకోబెట్టి కడుపు మీద చెయ్యి వేసి చూడండి. మీకు చేతకాకపోతే చేతనైనవాళ్ళ దగ్గరికి పంపండి. ఆసుపత్రి పెద్దలూ, మత్తుకి తోడు కావాలన్న మాట తప్పు కాదు. ఆ తోడుని మీరే ఇవ్వండి. ఎవరూ లేనివాళ్ళకి ఒక మంచం, మంచం పక్కన జీతమిచ్చి పెట్టిన ఒక మనిషి. ఆమె ఆపరేషన్ తేదీ లోపల ఇవ్వండి. తేదీ దగ్గరికొచ్చేసింది.